పండుగకు ముందు వచ్చే భయం: క్రిస్మస్ ఒత్తిడిపై ఒక కేస్ స్టడీ

నేపథ్యం

కౌన్సెలర్‌గా నేను చూసిన ఈ కేసును ఆ కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, ఉద్యోగాలు, పిల్లల వయసులు, బంధువుల సంఖ్య మార్చాను. సమస్య స్వరూపాన్ని మాత్రం మార్చలేదు. ఇందులోని స్త్రీని కరుణ అని పిలుస్తాను.

కరుణకు నలభై దాటాయి. కోస్తా జిల్లాల్లోని ఒక పట్టణంలో ఉపాధ్యాయురాలు. భర్త ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు చూస్తారు, సంఘంలో కోశాధికారి. ఇంట్లో అత్తగారు, ఇంటర్ చదివే కూతురు, హైస్కూలు కొడుకు ఉంటారు. ఇద్దరు ఆడపడుచులూ దగ్గరి ఊళ్లలోనే ఉన్నారు, మరిది అమెరికాలో స్థిరపడ్డారు. మూడు తరాలుగా లూథరన్ సంఘానికి చెందిన ఇల్లు అది. కరుణ పుట్టిల్లు కూడా క్రైస్తవ కుటుంబమే కానీ, అక్కడ పండుగ చిన్నది. తండ్రి వెదురుబద్దలకు రంగుకాగితం అంటించి కట్టిన నక్షత్రం, దర్జీ ఇరవై నాలుగో తేదీ రాత్రి దాకా తిప్పించుకుని ఇచ్చే ఒక్క జత బట్టలు, కరోల్స్ బృందంతో తెల్లవార్లూ వీధులు తిరగడం, అంతే. పెళ్లికి ముందు ఆమె క్వయర్‌లో పాడేవారు. అత్తవారింటికి వచ్చాక ఇరవై నాలుగో తేదీ రాత్రి ఆమె స్థానం వంటగదిలోకి మారింది.

అత్తవారింట్లో క్రిస్మస్ ఒక్కరోజు పండుగ కాదు. నవంబరు చివర ఇంటికి సున్నాలతో మొదలై, బడిలో ఒకటి, స్త్రీల సమాజంలో ఒకటి, యువజనులది ఒకటిగా సెమీ క్రిస్మస్‌లు, అర్ధరాత్రి వచ్చే కరోల్స్ వాళ్లకు టీ, చందా కవరు, ఇరుగుపొరుగులకు కేకులు, కజ్జికాయలు, చెక్కలు, ఇరవై ఐదున ముప్పై మందికి భోజనాలు, ముప్పై ఒకటి రాత్రి ఆరాధన, ఒకటో తేదీన మళ్లీ కొత్త బట్టలు. ఆ తరువాత పది పన్నెండు రోజులకే సంక్రాంతి సెలవులు. ఆడపడుచులు పిల్లలతో మరోసారి వస్తారు. ఈ క్రమాన్ని ఆమె మొదటి సమావేశంలో ఒక్క ఊపిరిలో, ఎక్కడా తడుముకోకుండా చెప్పిన తీరే నాకు ఆమె స్థితి గురించి చాలా చెప్పింది.

సమస్య

ఒక జనరల్ ఫిజీషియన్ ఆమెను నవంబరు రెండో వారంలో నా దగ్గరికి పంపారు. తలనొప్పి, తెల్లవారుజామున మూడింటికే మెలకువ, బడిలో పిల్లల మీద అకారణంగా విరుచుకుపడటం. రక్తపోటు, థైరాయిడ్, హిమోగ్లోబిన్ అన్నీ మామూలుగానే ఉన్నాయి. ఆమె ముందుగా చెప్పింది డబ్బు సంగతి. నిరుడు పండుగకు బ్యాంకులో కుదువపెట్టిన గొలుసును వేసవి సెలవులకు గాని విడిపించలేకపోయారు. ఈ ఏడు మళ్లీ అదే గొలుసు తీసుకెళ్లాలి. లేచి వెళ్లబోతూ మాత్రం ఇలా అన్నారు: “పండగొస్తోందంటే భయమేస్తోందండీ. యేసయ్య పుట్టినరోజంటే భయపడే మనిషిని ఏమనాలి? అసలు భయం కంటే ఈ భయమే నాకు ఎక్కువగా ఉంది.”

ఈ రెండో మాటనే ప్రధాన సమస్యగా రాసుకున్నాను. మొదటిది ఒత్తిడి, రెండోది ఆ ఒత్తిడి కలిగినందుకు ఆమె తన మీద తాను చెప్పుకున్న తీర్పు. ఈ రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటున్నాయి. అపరాధ భావన వల్లే ఆమె ఏ పనికీ కాదనలేకపోతున్నారు, కాదనలేకపోవడం వల్లే విసుగు పెరుగుతోంది, విసుగు పెరిగినకొద్దీ అపరాధ భావన మరింత బరువవుతోంది.

పీహెచ్‌క్యూ–9లో (డిప్రెషన్‌ను కొలిచే ప్రశ్నావళి) ఆమె స్కోరు 27కు 11, జీఏడీ–7లో (ఆందోళనను కొలిచేది) 21కి 14. ఆత్మహత్య ఆలోచనల ప్రశ్నకు సున్నా. విడిగా మాటల్లో అడిగినా అదే జవాబు. లక్షణాలు ఏటా నవంబరులో మొదలై సంక్రాంతి దాటాక తగ్గుతున్నాయి కాబట్టి, రుతువును బట్టి వచ్చే డిప్రెషన్‌ను తోసిపుచ్చాల్సి వచ్చింది. 1984లో సైకియాట్రిస్టు నార్మన్ రోసెంతాల్ బృందం వర్ణించిన ఆ స్థితికి పగటివెలుతురు తగ్గడంతో సంబంధం ఉంది. మన కోస్తా జిల్లాలు 16 డిగ్రీల అక్షాంశానికి అటూ ఇటూ ఉంటాయి. డిసెంబరులో కూడా ఇక్కడ పగలు 11 గంటలకు తగ్గదు. పైగా ఆ స్థితిలో సాధారణంగా నిద్ర, ఆకలి పెరుగుతాయి. కరుణకు రెండూ తగ్గాయి. ఏటా ఒకే కాలంలో వచ్చే సామాజిక ఒత్తిడి స్పష్టంగా కనిపిస్తుంటే ఆ పేరు పెట్టకూడదని రోగనిర్ధారణ నియమాలే చెబుతున్నాయి. ఆమెను ఒక సైకియాట్రిస్టుకు చూపించి, మందులు వెంటనే అవసరం లేదని, నిద్ర ఇంకా తగ్గితే ఆలోచిద్దామని ఇద్దరం అనుకున్నాం.

హోమ్స్, రాహె అనే ఇద్దరు సైకియాట్రిస్టులు 1967లో ప్రచురించిన జీవిత సంఘటనల ఒత్తిడి పట్టికను ఆమె ముందు పెట్టాను. స్కోరు వేయడం నా ఉద్దేశం కాదు. 43 సంఘటనలున్న ఆ పట్టికలో జీవిత భాగస్వామి మరణానికి 100 మార్కులుంటే, క్రిస్మస్‌కు 12 మాత్రమే. ఆమె నవ్వి, “పన్నెండేనా?” అన్నారు. ఆ పట్టికలోనే ఆర్థిక స్థితిలో మార్పుకు 38, అత్తవారి వైపు ఇబ్బందులకు 29, నిద్ర అలవాట్లలో మార్పుకు 16, కుటుంబ కలయికల్లో మార్పుకు 15 ఉన్నాయి. వాటిలో ఏవి ఆమె డిసెంబరులో ఉన్నాయో ఆమెనే గుర్తు పెట్టమన్నాను. పన్నెండు పక్కన తప్ప మిగతా నాలుగింటి పక్కనా టిక్కులు పడ్డాయి. తనను భయపెడుతున్నది యేసు పుట్టినరోజు కాదని ఆమె కాగితం మీద చూసుకోవడం అదే మొదలు.

ప్రయత్నించినవి, ఫలించనివి

ఆమె డబ్బు సమస్యతో వచ్చారు కాబట్టి డబ్బుతోనే మొదలుపెట్టాను. మనిషి స్వయంగా చెప్పిన సమస్యను పక్కనపెట్టి, నేను కనిపెట్టిన సమస్యతో మొదలుపెడితే నమ్మకం కుదరదు. ఖర్చుల జాబితా రాసి, ఏది ఎంత తగ్గించవచ్చో ఆమే నిర్ణయించారు. కాగితం మీద దాదాపు మూడో వంతు తగ్గింది.

ఇంట్లో అది నిలవలేదు. పెద్ద ఆడపడుచుకు ఏటా పెట్టే చీర కంటే తక్కువ ధరది కొన్నారు. రెండు రోజుల తరువాత ఆ చీర, మడత కూడా విప్పకుండా, షాపు కవరులో బిల్లుతో సహా తిరిగి వచ్చింది. “నాకు చాలా చీరలున్నాయి వదినా, నువ్వు కట్టుకో” అనే మాట దానితో పాటు వచ్చింది. కరుణ ఆ సాయంత్రమే వెళ్లి మామూలు ధర చీర తెచ్చారు. మొదటిదాన్ని షాపు వాళ్లు వెనక్కి తీసుకోలేదు. ఈ లోగా కేకుల దగ్గర మిగిల్చిన డబ్బు చర్చి చందాలోకి వెళ్లింది. చందాల పుస్తకం భర్త చేతిలోనే ఉంటుంది, మొదటి పేరు కోశాధికారిది అయితేనే రెండో పేరు పడుతుందని ఆయన నమ్మకం.

కానుకను ఖర్చుగా లెక్కవేసినంతకాలం ఇది అర్థం కాదు. ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం అనే మూడు బాధ్యతల గొలుసే కానుక అని ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త మార్సెల్ మోస్ 1925లో రాశారు. ఈ ఇంట్లో ఆ గొలుసు పుస్తకరూపంలోనే ఉంది. అత్తగారు బీరువాలో ఒక పొడవాటి నోటుబుక్కు దాచుకున్నారు. ఏ ఏడు ఎవరు ఎవరికి ఏ చీర పెట్టారో, దాని ధర ఎంతో, ఇరవై ఏళ్లకు పైగా అందులో రాసి ఉంది. అలాంటి చోట ఒకరు ఒంటరిగా ఒక అంకె మార్చితే అది పొదుపు కాదు, అవమానం అవుతుంది.

తరువాతి ప్రయత్నం ఆలోచనలను పరీక్షించడం. “తక్కువ పెడితే నన్ను పిసినారి అనుకుంటారు” అనే ఆలోచనకు అనుకూలంగా, ప్రతికూలంగా ఉన్న ఆధారాలు రాయించడం ఆందోళన కేసుల్లో మామూలు పద్ధతి. ఇక్కడ అనుకూల ఆధారం షాపు కవరులో ఉంది. ఆమె ఊహ అతిశయోక్తి కాదు, నిజం. నిజమైన అంచనాను వక్రమైన ఆలోచనగా చూపడం నిజాయితీ కాదు కాబట్టి ఆ పద్ధతిని అక్కడితో ఆపాను. కుటుంబ ఒత్తిడి కేసుల్లో చాలాసార్లు మనిషి బుర్రలో తప్పు వెతుకుతాం, తప్పు బయటి ఏర్పాటులో ఉంటుంది.

రెండో భయం సంగతి వేరు. పండుగంటే విసుగు కలగడం విశ్వాసలోపమా అనే ప్రశ్నకు జవాబు చెప్పే అధికారం కౌన్సెలర్‌కు లేదు. “అలా ఏం కాదు” అని నేను అనేయవచ్చు, కానీ ఆ మాటకు ఆమె దృష్టిలో బరువు ఉండదు. పాస్టరు గారితో మాట్లాడటం మంచిదనిపించింది, అయితే సొంత సంఘం పాస్టరు వద్దనుకున్నాం. భర్త అక్కడ కోశాధికారి. మాట గోప్యంగా ఉన్నా, ఆదివారం ఆ పాస్టరు గారి ముఖం చూసినప్పుడల్లా ఆమెకు గుర్తొస్తుంది. పొరుగు పట్టణంలో ఉన్న ఒక విశ్రాంత పాదిరి గారి దగ్గరికి ఆమె వెళ్లారు. ఆయన ఏమన్నారో ఆమె చెప్పినంత వరకే నాకు తెలుసు. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలను సంఘం ఆగమన కాలంగా ఎందుకు పెట్టుకుందో ఆయన అడిగారట. అది కనిపెట్టుకుని ఉండే కాలమే గాని కొనుగోళ్ల కాలం కాదన్నారట. డిసెంబరు 25ను ఆచరించమని బైబిలులో ఎక్కడా ఆజ్ఞ లేదని, ఆ తేదీ రోములో నాలుగో శతాబ్దంలో స్థిరపడిందని, మన తెలుగు నేలమీదే ఆ పండుగను అసలు ఆచరించని క్రైస్తవ సహవాసాలు ఉన్నాయని గుర్తుచేశారట. అలసటకు, అవిశ్వాసానికి తేడా చెప్పడానికి ఆయనకు అరగంట పట్టింది. నాకైతే ఆరు నెలలు పట్టేది.

ఆ డిసెంబరులో ఇంతకు మించి ఏదీ మార్చవద్దని నిర్ణయించాం. గొలుసు బ్యాంకుకు వెళ్లింది. సీజన్ మధ్యలో తీసుకునే ఏ నిర్ణయమైనా ఎవరో ఒకరి మీద అలకగా కనిపిస్తుంది. ఆమె చేయాల్సిందల్లా ఇరవై రెండు నుంచి ఇరవై ఆరు దాకా ఎన్ని గంటలు నిలబడ్డారో, ఎన్ని గంటలు పడుకున్నారో, ఏ గంటలో సంతోషంగా ఉన్నారో రాసుకోవడం. సంతోషం కాలమ్‌లో ఒక్కటే నమోదైంది: ఇరవై నాలుగు అర్ధరాత్రి ఆరాధనకు ఆలస్యంగా వెళ్లి, చివరి వరుసలో నిలబడి పాడిన ఇరవై నిమిషాలు.

ఫలించినది

జనవరిలో లక్షణాలు తగ్గగానే, ఇక పని అయిపోయిందని ఆమెకు అనిపించింది. ఇలాంటి కేసులు ఎక్కువగా జారిపోయేది ఇక్కడే. మనిషి తేలికపడి వెళ్లిపోతారు, మళ్లీ నవంబరులోనే కనిపిస్తారు. అందుకే వేసవిలో ఒకసారి, ఆగస్టు తరువాత క్రమంగా కలవాలని ముందే తేదీలు రాసుకున్నాం.

వేసవిలో భర్తను పిలిచాం. ఆయన రక్షణ ధోరణిలో వచ్చారు. క్రిస్మస్‌ను వ్యాపారంగా మార్చేశారని ఉపన్యాసం వినాల్సి వస్తుందని భయపడ్డారట. దాని బదులు ఆయన చిన్నప్పటి పండుగ గురించి అడిగాను. తాతగారి కాలంలో ఊరి చివరి పల్లెలో ఏడాదికి ఒక్క కొత్త బట్ట, అదీ క్రిస్మస్‌కే. మిగతా రోజుల్లో ఊళ్లోకి కొత్త చొక్కా తొడుక్కుని వెళ్తే మాటపడాల్సి వచ్చేది. క్రిస్మస్ నాడు మాత్రం పల్లె అంతా కొత్త బట్టలతో, బ్యాండుతో ఊరి నడిబొడ్డున నడిచేది.

ఇది ఆయన ఒక్కరి కథ కాదు. మన జిల్లాల్లో క్రైస్తవ్యం విస్తరించింది ప్రధానంగా మాల, మాదిగ పల్లెల్లో. హేయర్ అనే లూథరన్ మిషనరీ 1842లో గుంటూరు వచ్చారు. 1876–78 కరువు తరువాత 1878 జూలైలో ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు మిషన్ ఒకే రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. అలా వచ్చిన కుటుంబాలకు ఇంటిమీది నక్షత్రం, ఒంటిమీది కొత్త బట్ట ఆడంబరం కాదు, తలెత్తుకోవడం. ఆ చరిత్ర తెలియకుండా ‘అనవసర ఖర్చు’ అనే మాట వాడితే, ఆ ఇంటి పెద్దలకు అది తమ తండ్రుల గౌరవాన్ని కోసేయమన్నట్టు వినిపిస్తుంది. క్రిస్మస్ వ్యాపారమయమైందనే విమర్శ షాపింగ్ మాల్ గురించి నిజమే కావచ్చు. ఈ నోటుబుక్కు గురించి మాత్రం సగమే నిజం.

కరుణ ఈ సంగతి భర్త నోట వినడం అదే మొదటిసారి. పెళ్లై ఇన్నేళ్లైనా ఆయన ఎందుకు పట్టుబడతారో ఆమెకు తెలియదు. ఆమె ఎందుకు అలిసిపోతారో, క్వయర్ మానడం ఆమెకు ఎంత లోటో ఆయనకూ తెలియదు. “నీకు పాడాలని ఉందని నాతో ఎప్పుడన్నావు?” అన్నారాయన. ఆమె ఎప్పుడూ అనలేదు, నిజమే.

సెప్టెంబరులో అత్తగారు వచ్చారు, నోటుబుక్కుతో సహా. మార్పు ఎవరి నోట వెలువడాలనేది ఇక్కడ నేను ఎక్కువగా ఆలోచించిన నిర్ణయం. కరుణ చెబితే అది కోడలి పిసినారితనం, భర్త చెబితే పెళ్లాం మాట, అత్తగారు చెబితే ఆనవాయితీ. కాబట్టి ఆమెను ఒప్పించడం కాకుండా, ఆమె ఏం కాపాడుకోవాలనుకుంటున్నారో తెలుసుకోవడమే లక్ష్యంగా పెట్టుకున్నాను. ఆమె చాలాసేపు పేజీలు తిప్పి, చివరకు తేల్చింది ఇది: పిల్లలకు కొత్త బట్టలు ఉండాలి, ఇరవై ఐదున ఆడపిల్లలు ఇంటికి రావాలి, పొయ్యి వెలగాలి. పెద్దవాళ్ల చీరల మాట అడిగితే, “ఇప్పుడు ఎవరికి లేవులే” అన్నారు. పెద్ద కూతురు మడత విప్పకుండా పంపిన మాటనే ఆమె మరో అర్థంతో అన్నారు.

మిగతా ఏర్పాటు ఈ మూడింటి చుట్టూ కట్టుకున్నాం. పెద్దవాళ్లకు బట్టలు ఉండవని అత్తగారే కూతుళ్లకు ఫోన్ చేసి, దసరాకు ముందే చెప్పారు. షాపుల్లో ఆఫర్లు మొదలుకాక ముందు చెప్పడం ముఖ్యం. మరిది ఏటా “బాగా చేయండి అన్నయ్యా” అంటూ డిసెంబరులో పంపే డబ్బు ఇంటి ప్రమాణాన్ని పెంచుతూ వచ్చింది. ఈసారి దాన్ని నేరుగా ఇరవై ఐదు నాటి బిర్యానీకే కేటాయించమని అన్నయ్యే అడిగారు, వంటమేస్త్రిని పెట్టారు. పొయ్యి వెలగాలన్న మాట కోసం కజ్జికాయలు మాత్రం ఇంట్లోనే. అయితే ఇరవై మూడున చిన్న ఆడపడుచు వచ్చి అత్తగారితో కలిసి చేసేటట్టు. ఇరవై నాలుగు సాయంత్రం ఆరు తరువాత కరుణ వంటగదిలో ఉండరు. ఈ చివరి షరతు చిన్నదిగా కనిపించినా, ఆమె తన నోటితో అడిగిన ఏకైక విషయం అదే.

చర్చి చందా తగ్గలేదు. దాని మీద భర్త అంగుళం కదలలేదు. ఆ మొత్తాన్ని తన జీతం నుంచే ఇస్తానని, గొలుసు జోలికి వెళ్లనని మాత్రం ఒప్పుకున్నారు.

ఫలితం

ఆ డిసెంబరులో గొలుసు బ్యాంకుకు వెళ్లలేదు. నెల మధ్యలో జీఏడీ–7 స్కోరు 7కు దిగింది, తలనొప్పి వారానికి ఒకసారికి పరిమితమైంది. ఆమె క్వయర్ ప్రాక్టీసుకు వెళ్లారు, ఆల్టో (స్త్రీల దిగువ స్వరం) వరుసలో చోటు దొరికింది. పెద్ద ఆడపడుచు పండుగ భోజనానికి రాకుండా సాయంత్రం వచ్చి, అర్ధగంట కూర్చుని వెళ్లారు. అంతకు ముందే ఆన్‌లైన్‌లో ఇంటిల్లిపాదికీ బట్టలు పంపారు. కానుకల గొలుసును మళ్లీ మొదలుపెట్టడానికి ఇంతకంటే మర్యాదైన దారి లేదు. తిరిగి ఏం పెట్టాలని కరుణ కంగారుగా ఫోన్ చేశారు. ఆ సీజన్‌లో ఏమీ పెట్టవద్దని, ఆ బట్టలు కట్టుకుని ఫొటో పంపి, బాగున్నాయని మనస్ఫూర్తిగా చెప్పమని అన్నాను. తిరస్కరిస్తే గొడవ, వెంటనే బదులిస్తే పాత లెక్క. వేసవిలో ఆ ఆడపడుచు కూతురికి కాలేజీ సీటు వచ్చినప్పుడు బదులివ్వవచ్చు, దానికి క్రిస్మస్‌తో పని లేదు.

నేర్చుకున్నవి

సహోద్యోగులతో చర్చించినప్పుడు ఈ కేసులో నేను ఎక్కువగా చెప్పే విషయం మిశ్రమ భావాల గురించి. కరుణకు క్రిస్మస్ అంటే ఇష్టం, క్రిస్మస్ అంటే భయం. చికిత్స చివరిలో కూడా ఆమెకు రెండూ ఉన్నాయి. డిసెంబరు ఇరవై నాటి రాత్రి ఒకసారి మూడింటికే మెలకువ వచ్చింది. ఇష్టంలోంచి భయాన్ని తీసివేసి నికరంగా ఎంత మిగిలిందో తేల్చడం మా లక్ష్యం కాలేదు. ఇష్టం పాటలో ఉంది, భయం నోటుబుక్కులో ఉంది. రెండూ ఒకే తేదీన వస్తున్నందున ఒకే భావంలా కనిపించాయి. వాటిని విడదీశాక, ఏది ఎవరితో మాట్లాడాలో తెలిసింది.

ఇప్పుడు ఇలాంటి వారు నవంబరులో వస్తే డబ్బు లెక్క అడుగుతాను గానీ, దాన్ని తగ్గించే పని పెట్టుకోను. ఆ ఇంట్లో కానుకల లెక్క ఎవరి దగ్గర ఉంది, మార్పు ఎవరి నోట వస్తే చెల్లుతుంది, పండుగలో ఏ గంట ఈ మనిషిది అని అడుగుతాను. క్రిస్మస్‌కే కాదు, రంజాన్ తోఫాలకు, సంక్రాంతి అల్లుళ్ల మర్యాదలకు కూడా ఈ ప్రశ్నలు పనికొచ్చాయి.

కరుణ ఫైలు ఇంకా మూయలేదు. భర్త కోశాధికారి పదవీకాలం వచ్చే ఏడాది ముగుస్తుంది. మళ్లీ నిలబడాలా వద్దా అనేది ఇద్దరూ ఆగస్టులో నా దగ్గర మాట్లాడుకుంటామన్నారు.